ఎంకే 48 మెషిన్ గన్: నాలుగు కేజీలు తగ్గించి ఏం వదులుకున్నారు?

వికాస్_కె
అందరికీ నమస్కారం. ఒక విషయం ఎంత చదివినా మింగుడుపడటం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. అమెరికా సైన్యం చేతిలో ఎం240బీ ఉంది. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ మాగ్ మెషిన్ గన్‌కి అది అమెరికన్ రూపం. మొరాయించదు, ఏళ్ళ తరబడి నడుస్తుంది అని అందరూ మెచ్చుకునే తుపాకీ. అలాంటిది ఉండగా 2000ల మొదట్లో అక్కడి స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ మళ్ళీ అదే ఎఫ్ఎన్‌తో ఎంకే 48 ఎందుకు చేయించుకుంది? రెండిట్లోనూ 7.62×51 నాటో తూటానే. ఎంకే 48 త్వరగా అరిగిపోతుందని కూడా అంటారు. ఒక్క బరువు కోసమే ఇంత పనా?

రాత్రిపూట_గేమర్
గేమ్‌లో అయితే ఎంకే 48 తీసుకుంటే పరుగు వేగం తగ్గదు బ్రో, అందుకే 😀 సీరియస్‌గా అడుగుతున్నా, బరువు తేడా ఎంత?

వికాస్_కె
ఎం240బీ ఖాళీగా సుమారు 12.5 కేజీలు. ఎంకే 48 సుమారు 8.3. నాలుగు కేజీల పైన తేడా. పొడవు కూడా పావు మీటరు దాకా తక్కువ.

చరిత్ర_చందు
ప్రశ్న బాగుంది కానీ మొదలుపెట్టిన చోటు సరిగ్గా లేదు వికాస్ గారూ. ఎంకే 48 పుట్టింది ఎం240 మీద కోపంతో కాదు. అమెరికా నౌకాదళ కమాండోలు, అంటే నేవీ సీల్స్, అప్పటికి వాడుతున్నది ఎంకే 43 మోడ్ 0, అంటే పాత ఎం60లో ఈ4 రకం. దాని స్థానంలో ఏదో ఒకటి రావాలి. కాబట్టి ఎంకే 48ని పోల్చాల్సింది ముందు ఎం60తో.

ఎం60 కథ తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. 1957లో సైన్యంలోకి వచ్చింది. బెల్టు లాగే పద్ధతి జర్మన్ ఎంజీ 42 నుంచి, లోపల తూటా పేల్చే యంత్రాంగం ఎఫ్‌జీ 42 నుంచి తీసుకున్నారు. కాగితం మీద బ్రహ్మాండం. వియత్నాంలో మోసినవాళ్ళు దానికి పెట్టిన ముద్దుపేరు మాత్రం "పంది". సుమారు పదిన్నర కేజీలు.

దాని బైపాడ్ కాళ్ళు తుపాకీకి కాదు, బ్యారెల్‌కే బిగించి ఉండేవి. పేలుడు గ్యాస్‌తో యంత్రాంగాన్ని నడిపే గ్యాస్ సిలిండర్ కూడా బ్యారెల్‌తోనే. అంటే స్పేర్ బ్యారెల్ మోసే ప్రతివాడూ ఇంకో జత కాళ్ళూ, ఇంకో గ్యాస్ సిలిండరూ మోస్తున్నట్టే. బ్యారెల్ మార్చాలంటే కాళ్ళు కూడా ఊడివస్తాయి కాబట్టి ఒకడు తుపాకీని గాల్లో ఎత్తి పట్టుకోవాలి. బ్యారెల్‌కి పిడి లేదు, కాలుతున్న గొట్టాన్ని ఆస్‌బెస్టాస్ చేతితొడుగు వేసుకుని లాగాలి. రాత్రిపూట ఆ తొడుగు ఎక్కడో జారిపోతే ఇక వాడి తిప్పలు దేవుడికే ఎరుక.

గ్యాస్ పిస్టన్‌ని తిరగేసి పెట్టినా అందులో చక్కగా కూర్చునేది. అప్పుడు మెషిన్ గన్ కాస్తా ఒక్కో తూటా పేల్చే తుపాకీ అయిపోయేది. ఇలా తప్పుగా బిగించే వీలున్న భాగాన్ని ఎవరు గీశారో కానీ...

పాతబెల్టు
చందు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 1980లలో ఎం60ఈ3 అని తెచ్చారు. కాళ్ళు తుపాకీ వైపు మార్చారు, బ్యారెల్‌కి పిడి పెట్టారు, బరువు తొమ్మిది కేజీల లోపుకి దించారు. అంటే ఇవాళ్టి ఎంకే 48 బరువుకి దగ్గర దగ్గర. ఏమైంది? దించిన బరువులో చాలా భాగం బ్యారెల్ దగ్గర కోశారు. ఆపకుండా కాలిస్తే ఆ సన్న బ్యారెల్ తట్టుకోలేదు. 1990లలో మెరైన్లు దాన్ని పక్కన పెట్టి ఎం240జీకి, అంటే మాగ్‌లోనే ఇంకో రకానికి, పోయారు.

బరువు తగ్గించడం ఎవరైనా తగ్గిస్తారు. ఎక్కడ తగ్గించారన్నదే అసలు సంగతి.

నేను సర్వీసులో మాగ్ మోసినవాణ్ణి. మోసినవాడికి అది దేవుడూ అదే, దయ్యమూ అదే.

సందేహాలరాయుడు
క్షమించాలి, నాకు ఇదంతా ఫ్యాషన్‌లా కనిపిస్తోంది. స్పెషల్ ఫోర్సెస్‌కి డబ్బుకి కొదవ లేదు, ఏది కొత్తగా వస్తే అది కొంటారు. నాలుగు కేజీలు ఆదా చేశారు సరే, ఒక్కో మనిషి ముప్పై నలభై కేజీలు మోస్తాడు. అందులో నాలుగు ఎంత? దానికోసం నమ్మకమైన తుపాకీని వదులుకుంటారా?

మెటలర్జీ_మాధవి
రాయుడు గారూ, ఆ నాలుగు కేజీలని తూటాల్లోకి మార్చి చూడండి. లింకులతో కలిపి 7.62 బెల్టు 100 రౌండ్లు సుమారు 3 కేజీలు. అంటే మిగిలిన బరువులో 140 రౌండ్ల దాకా అదనంగా పట్టుకెళ్ళొచ్చు. అమెరికన్ ఆర్మీ మాన్యువల్ ప్రకారం ఎం240బీతో వేగంగా కాల్చే రేటు నిమిషానికి 200 రౌండ్లు. ఆ లెక్కన 140 రౌండ్లంటే నలభై సెకన్ల పైన కాల్పులు.

వందమంది ఉన్న కంపెనీకి నలభై సెకన్లు లెక్కలోకి రావు. ఆరుగురో ఎనిమిదిమందో ఉన్న బృందం అనుకోకుండా ఎదురుపడిన శత్రువు నుంచి వెనక్కి తప్పుకోవాలంటే, మొదటి నిమిషంలో ఎంత గట్టిగా కాల్చగలిగారన్నదే అన్నీ తేలుస్తుంది. వాళ్ళ వెనక తూటాల లారీ రాదు. ఒళ్ళో ఉన్నదే ఉంది.

సందేహాలరాయుడు
> వాళ్ళ వెనక తూటాల లారీ రాదు

లెక్క ఒప్పుకుంటాను. కానీ తేలిక తుపాకీతో ఆ 140 రౌండ్లు గురి తప్పకుండా కాల్చగలరా? అది కూడా చెప్పండి.

మెటలర్జీ_మాధవి
అది న్యాయమైన ప్రశ్న. ఒకే తూటా, ఒకే మందు, కాబట్టి తుపాకీకి తగిలే మొత్తం తోపు దాదాపు ఒకటే. కానీ తుపాకీ బరువు తగ్గేకొద్దీ అది వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. 12.5కి బదులు 8.3 కేజీలైతే వెనక్కి కొట్టే శక్తి సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. భుజం మీద తేడా తెలుస్తుంది. బైపాడ్ మీద పెట్టినా పొడుగు బరస్ట్‌లో గొట్టం ఎక్కువ కదులుతుంది. ఈ సూత్రం ముందు ఏ కంపెనీ అయినా చేతులెత్తేయాల్సిందే.

అరుగుదల గురించి వికాస్ గారు అడిగారు. ఇక్కడే రెండు తుపాకీల లోపలి తేడా చూడాలి. మాగ్‌లో బోల్ట్ (పేలేటప్పుడు తూటా వెనక మూసి ఉంచే ఉక్కు ముక్క) వెనక ఒక లీవర్ కిందికి దిగి, రిసీవర్ (ఈ భాగాలన్నీ ఇమిడే తుపాకీ పెట్టె) అడుగున ఉన్న గట్టి దిమ్మకి ఆనుకుంటుంది. అది పాత బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్ పద్ధతే, తలకిందులుగా పెట్టారు. అంటే పేలిన ప్రతిసారీ ఆ దెబ్బ రిసీవర్ పొడవునా పోతుంది. అందుకే మాగ్ రిసీవర్‌ని అంత దళసరి ఉక్కుతో చేశారు, అందుకే అంత బరువు, అందుకే అంత ఆయుష్షు.

ఎంకే 48 ఎఫ్ఎన్ వాళ్ళదే ఇంకో తేలిక మెషిన్ గన్ మినీమీ కుటుంబం. అందులో బోల్ట్ గుండ్రంగా తిరిగి ముందు భాగంలోనే, బ్యారెల్ వెనక కొసలో తాళం పడుతుంది. పేలుడు దెబ్బలో ఎక్కువ భాగాన్ని అక్కడే మోసేస్తుంది కాబట్టి వెనకున్న రిసీవర్ పల్చటి రేకుతో చేసినా సరిపోతుంది. బరువు అలా తగ్గింది. కాకపోతే మినీమీ చిన్న 5.56 తూటాకే తయారై వచ్చిన డిజైన్. దాన్ని పెద్దది చేసి 7.62 పెట్టారు. లోపల బోల్ట్ క్యారియర్ ముందుకీ వెనక్కీ కొట్టుకునే దెబ్బలు ఆ పల్చటి రిసీవరే భరించాలి. మాగ్‌తో పోలిస్తే ముందుగా అలసిపోవడంలో వింతేమీ లేదు.

సరదా సంగతి: మాగ్, మినీమీ రెండూ గీసింది ఒక్కరే, ఎఫ్ఎన్‌కి చెందిన ఎర్నెస్ట్ వెర్వియే.

రాత్రిపూట_గేమర్
మాధవి అక్కా, పల్చటి రేకు అంటున్నారు. రష్యన్ మెషిన్ గన్ పీకేఎం కూడా రేకే కదా? అది ఎంకే 48 కన్నా తేలిక, అయినా ఎవ్వరూ "అరిగిపోతుంది" అనరు?

చరిత్ర_చందు
అబ్బ, మంచి పాయింట్ పట్టుకున్నావు తమ్ముడూ. పీకేఎం సుమారు 7.5 కేజీలు. 1961లో పీకే వచ్చినప్పుడు దాదాపు 9 కేజీలు ఉండేది, బ్యారెల్ మీద నిలువు గాళ్ళు ఉండేవి. 1969లో ఎం అక్షరం కలిసేసరికి ఆ గాళ్ళు పోయాయి, బరువు తగ్గింది. కలాష్నికోవ్ బృందం అదే ఏకే యంత్రాంగాన్ని తలకిందులుగా తిప్పి, 7.62×54ఆర్ తూటాకి సరిపడేలా మొదటి నుంచీ గీసింది. చిన్న డిజైన్‌ని సాగదీసింది కాదు. అక్కడుంది కిటుకు.

ఇంకో విచిత్రం. ఆ తూటాకి అడుగున అంచు ఉంటుంది, అది 1891 నాటి రష్యన్ రైఫిల్ తూటా. అంచు ఉన్న తూటాని బెల్టులోంచి నేరుగా ముందుకి తోయడం కుదరదు. అందుకని పీకేలో ఒక గోరు తూటాని ముందు వెనక్కి లాగి, కిందికి దింపి, అప్పుడు ముందుకి తోస్తుంది. పని ఎక్కువ, అయినా దుమ్ములో మట్టిలో నడుస్తుంది. అమెరికన్ స్పెషల్ ఫోర్సెస్ వాళ్ళు స్థానిక దళాలతో పనిచేసేటప్పుడు పీకేఎంలు కూడా నేర్చుకుని వాడతారు.

పాతబెల్టు
పీకేఎం బెల్టు కుడివైపు నుంచి ఎక్కుతుంది, ఖాళీ తొడుగులు ఎడమవైపు పడతాయి. మాగ్‌కి అలవాటుపడ్డ చెయ్యి మొదట్లో తడబడుతుంది. పైగా బెల్టు విడిపోదు, ఖాళీ బెల్టు పాములా కిందికి వేలాడుతూ ఉంటుంది. పరిగెత్తేటప్పుడు కాలికి తగులుతుంది.

వికాస్_కె
అసలు ఇంత మంది బ్యారెల్ బ్యారెల్ అంటున్నారు కదా, అది నిజంగా ఎంత వేడెక్కుతుంది? మాన్యువల్‌లో "హాట్ గన్" అని ఒక మాట చూశాను.

పాతబెల్టు
రెండు నిమిషాల్లో 200 రౌండ్లు కాలిస్తే దాన్ని హాట్ గన్ అంటారు. అంటే చాంబర్ (బ్యారెల్ వెనక కొసలో తూటా కూర్చునే చోటు) ఎంత వేడిగా ఉందంటే, అందులో తూటా ఇరుక్కుని ఉండిపోతే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిపోవచ్చు. ఇటువంటి తుపాకులన్నీ ఓపెన్ బోల్ట్‌తో నడిచేది అందుకే. ట్రిగ్గర్ వదలగానే బోల్ట్ వెనకే ఆగిపోతుంది, చాంబర్ ఖాళీగా ఉంటుంది, గొట్టంలోంచి గాలి ఆడుతుంది.

అమెరికన్ లెక్కలో ఎం240బీకి నిదానంగా నిమిషానికి 100 రౌండ్లయితే పది నిమిషాలకోసారి బ్యారెల్ మార్పు. 200 అయితే రెండు నిమిషాలకోసారి. వేలు తియ్యకుండా కాలిస్తే నిమిషానికోసారి.

మార్చడం ఎలా ఉంటుందో చెప్తాను, సినిమాల్లో చూపించరు కాబట్టి. బోల్ట్ వెనక్కి లాగి సేఫ్టీ పెట్టాలి. పక్కనున్న లాక్ బటన్ నొక్కి, బ్యారెల్ మీద పిడిని నిలువుగా తిప్పి ముందుకి లాగితే ఊడివస్తుంది. కొత్తది పెట్టి పిడిని వెనక్కి తిప్పేటప్పుడు టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది. అవి లెక్కపెట్టాలి. రెండుకి తక్కువా ఉండకూడదు, ఏడుకి ఎక్కువా ఉండకూడదు. ఆ హద్దు దాటితే బ్యారెల్ సరిగ్గా కూర్చోలేదన్నమాట, కాల్చకూడదు. పక్కన కాల్పుల మోతలో ఆ టిక్కులు వినపడవు. చేతికి తెలియాలి. కొత్త కుర్రాళ్ళకి టెన్షన్ అంతా ఇక్కడే. నేను కళ్ళకి గంతలు కట్టి ప్రాక్టీస్ చేయించేవాణ్ణి.

సందేహాలరాయుడు
మరి పెచెనెగ్ సంగతేంటి? రష్యన్ ప్రత్యేక దళం స్పెట్స్‌నాజ్ వాడేది. దానికి మార్చే బ్యారెలే లేదంటారు. మీ లెక్క ప్రకారం అది కరిగిపోవాలి కదా?

మెటలర్జీ_మాధవి
పెచెనెగ్ పీకేఎంకి పుట్టిన బిడ్డే, బరువు 8 కేజీల పైన. బ్యారెల్ దళసరి, దాని మీద పొడవునా గట్లు, పైన రేకు తొడుగు. కాల్చేటప్పుడు గొట్టం కొసన వెలువడే గ్యాస్ వేగం తొడుగు వెనక కన్నాల్లోంచి గాలిని లోపలికి లాక్కుంటుంది, ఆ గాలి బ్యారెల్‌ని ఒరుసుకుంటూ ముందుకి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి లూయిస్ గన్‌లో ఇదే ఆలోచన.

ఇంకో లాభం కూడా ఉంది. వేడి గాలి బ్యారెల్ మీంచి పైకి లేస్తే గురి చూసేవాడికి ఎదురున్నదంతా అలలు అలలుగా కదులుతూ కనిపిస్తుంది. తొడుగు ఉంటే ఆ బాధ తక్కువ.

స్పేర్ బ్యారెల్ మోయక్కర్లేదు కాబట్టి చిన్న బృందానికి అనుకూలం. కానీ ఉక్కు ఉక్కే. ఐదారు వందల డిగ్రీలు దాటాక దాని బలం బాగా పడిపోతుంది. ఎక్కువసేపు ఆగకుండా కాల్చాల్సిన పని పడితే మార్చే బ్యారెల్ ఉన్నవాడిదే పైచేయి. అందుకే నేను పెచెనెగ్‌ని మాగ్‌కి బదులు అనుకోను, వేరే పనికి వేరే పనిముట్టు అనుకుంటాను.

రాత్రిపూట_గేమర్
ఎంజీ 42 గురించి ఎవరూ మాట్లాడరేంటి? నిమిషానికి 1200!

చరిత్ర_చందు
మాట్లాడకపోవడమేంటి తమ్ముడూ, ఈ కుటుంబానికంతటికీ తాత ముత్తాతలు ఎంజీ 34, ఎంజీ 42లే. బైపాడ్ మీద పెడితే లైట్ మెషిన్ గన్, ట్రైపాడ్ మీద పెడితే భారీది, రెండూ ఒకటే తుపాకీ అన్న ఆలోచనని జర్మన్లు ఆచరణలోకి తెచ్చారు. "జనరల్ పర్పస్" అనేది అదే. 1958 నాటి మాగ్‌లో బెల్టు లాగే పద్ధతి ఎంజీ 42 దగ్గర తెచ్చుకున్నదే.

మాగ్ ఎంత పాకిందంటే, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ చేతిలోనూ అదే, అర్జెంటీనా వాళ్ళ చేతిలోనూ అదే. బ్రిటిష్ వాళ్ళు దాన్ని ముద్దుగా "జింపీ" అంటారు, వాళ్ళ ప్రత్యేక దళం ఎస్ఏఎస్‌తో సహా.

సందేహాలరాయుడు
అదే నేననేది. ఎస్ఏఎస్ జింపీ మోసింది, చచ్చిపోలేదుగా?

పాతబెల్టు
మోసింది రాయుడు గారూ. మోకాళ్ళు ఎవరివి అరిగాయో వాళ్ళని అడగాలి.

సరదాకి అన్నాను కానీ, ఇందులో పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. మామూలు పదాతి దళంలో మాగ్‌కి ఒక గన్నర్, ఒక సహాయకుడు ఉంటారు, ట్రైపాడ్ మోయడానికి ఇంకొకడు. బైపాడ్ మీద 800 మీటర్లు, ట్రైపాడ్ మీద 1800 మీటర్ల దాకా పని చేస్తుంది. ఆ బలం ట్రైపాడ్ వల్ల వస్తుంది, రోజంతా ఒకే గట్టు మీద కూర్చుని కాల్చడం వల్ల వస్తుంది. రాత్రి హెలికాప్టర్ దిగి, గోడ దూకి, ఇంట్లోకి చొరబడి, తెల్లారేలోపు వెళ్ళిపోయేవాడికి ట్రైపాడ్ ఎందుకు? వాడికి ఒక్కడే మోయగలిగి, నిలబడి కూడా కాల్చగలిగింది కావాలి. మొత్తం మీద వాడు కాల్చే తూటాలు కూడా తక్కువే. రిసీవర్ అరిగితే వెనక వర్క్‌షాప్ ఉంది, భాగాలు త్వరగా వస్తాయి. పదాతి బెటాలియన్‌కి ఆ భోగం లేదు. ఇదే ఎంకే 48ని పెద్ద సైన్యం మొత్తానికి ఇస్తే గొడవే.

వికాస్_కె
ఇప్పుడు కొంచెం వెలిగింది. అంటే ఆయుష్షు ఇచ్చి బరువు కొనుక్కున్నారు, ఆ ఖర్చు భరించగల స్తోమత వాళ్ళకి ఉంది. మరి పెద్ద సైన్యం ఏం చేసింది? వాళ్ళకి మాత్రం బరువు బరువు కాదా?

మెటలర్జీ_మాధవి
వాళ్ళు వేరే దారి తొక్కారు. ఎం240ఎల్ అని, అదే మాగ్ యంత్రాంగం, రిసీవర్ టైటానియంతో. పదిన్నర కేజీల లోపుకి వచ్చింది, అంటే రెండు కేజీల పైన ఆదా. టైటానియం ఖరీదు, మిషన్ మీద చెక్కడం కూడా కష్టమే. అయినా తాళం పడే పద్ధతి మార్చకుండా బరువు తగ్గించారు కాబట్టి నాకు ఇంజనీరింగ్‌పరంగా ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఎంకే 48 తెలివైన రాజీ. ఎం240ఎల్ మొండి పట్టుదల.

చరిత్ర_చందు
5.56 మినీమీ సంగతి మరచిపోకండి. దాని అమెరికన్ రూపం ఎం249 బరువు ఏడున్నర కేజీల దగ్గర. ఎంకే 48 దానికన్నా కేజీ లోపు ఎక్కువ. అంటే కేజీ లోపు అదనంతో 4 గ్రాముల బులెట్‌కి బదులు తొమ్మిదిన్నర గ్రాములది దొరికింది. ఆఫ్ఘనిస్తాన్‌లో కొండ మీద నుంచి కొండ మీదకి, అర కిలోమీటరు దాటిన దూరాల్లో పీకేఎంతో కొడుతుంటే 5.56తో బదులు చెప్పడం కష్టమైంది. న్యూజీలాండ్ సైన్యమైతే 5.56 మినీమీలని తీసేసి 7.62 మినీమీలు పెట్టుకుంది. ఇజ్రాయెల్ నెగెవ్ ఎన్‌జీ7 కూడా ఈ గాలికి వచ్చిందే, 8 కేజీల లోపు, పైగా ఒక్కో తూటా కాల్చే వీలు కూడా ఉంది.

సందేహాలరాయుడు
5.56 నుంచి చూస్తే నాకూ అర్థమవుతోంది. ఎం240 నుంచి చూస్తే మాత్రం ఇప్పటికీ మాగ్ వైపే ఉంటాను. బెల్టు ఎంత బరువైనా ఒక్కడే మోయాలని ఎవరన్నారు, బృందంలో అందరూ తలో వంద రౌండ్లు మోస్తారు కదా.

పాతబెల్టు
మోస్తారు. కానీ వాళ్ళు చెల్లాచెదురైతే మీ బెల్టులూ చెల్లాచెదురే. మొదటి నిమిషానికి గన్నర్ ఒంటి మీద ఉన్నదే లెక్క.

రాత్రిపూట_గేమర్
మరి .338 మెషిన్ గన్ వచ్చింది కదా, 2020లో స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ తీసుకున్న సిగ్ సావర్‌ది? తొమ్మిది కేజీలేనట, రెండు కిలోమీటర్లు కొడుతుందట. ఇక ఎంకే 48, మాగ్ అన్నీ మ్యూజియంకేనా?

మెటలర్జీ_మాధవి
తుపాకీ తేలికే. లోపల గొట్టమే ముందుకీ వెనక్కీ జరిగే ఏర్పాటుతో దెబ్బని మింగేస్తుంది. తూటా బరువు చూడు తమ్ముడూ, 7.62కి దాదాపు రెట్టింపు. నేను పైన వేసిన 140 రౌండ్ల లెక్క మళ్ళీ వెయ్యి, ఇప్పుడు అది ఎటు తిరుగుతుందో తెలుస్తుంది. వాహనం మీద, ట్రైపాడ్ మీద భారీ .50 క్యాలిబర్‌కి బదులుగా బాగుంటుందేమో. గోడ దూకేవాడికి కాదు.

సందేహాలరాయుడు
అలా అని ఎలా చెప్తారు? దూరం నుంచే పని అయిపోతే గోడ దూకాల్సిన అవసరమే రాదు కదా.

నిర్వాహకులు
.338 చర్చ పెద్దదయ్యేలా ఉంది. రాయుడు గారి చివరి ప్రశ్నతో దానికి వేరే థ్రెడ్ తెరిచాను, ఆ సంగతులు అక్కడ రాయండి. ఎంకే 48, ఎం60, మాగ్, పీకేఎంల మీద మాటలు ఇక్కడే కొనసాగించవచ్చు.